ఏప్రిల్, మే నెలల రొయ్య పిల్లలు

మా విశ్వవిద్యాలయంలో పరిశోధక సహాయకుడి పదవి ఏటా మార్చి నెలాఖరుతో ముగిసిపోయేది. దాన్ని మరో ఏడాదికి పొడిగిస్తూ ప్రభుత్వం నుంచి ఉత్తర్వు రావాలి. ఆ ఉత్తర్వు ఏప్రిల్ మొదటి వారంలో వచ్చిన సంవత్సరం ఒక్కటైనా ఎవరికీ జ్ఞాపకం లేదు. జూలైలో వచ్చేది, ఒక్కొక్కప్పుడు ఆగస్టు కూడా గడిచేది. వచ్చినప్పుడు ఆగిపోయిన నెలల జీతం కలిపే ఇచ్చేవారు కనుక ఎవరికీ అన్యాయం జరగలేదని కార్యాలయం వారు అనేవారు. ఆ మధ్య నెలల్లో సహాయకులు జీతం లేకుండానే రోజూ వచ్చి, ఎప్పటి పని అప్పుడు చేసి పోయేవారు. అలా చేయాలని ఏ నిబంధనలోనూ లేదు. అయినా మానినవారు లేరు. దాన్ని అందరూ మర్యాద అని పిలిచేవారు.

అరవైల మొదట్లో నేను అక్కడ జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చివరి ఏడు చదువుతున్నాను. అంతకు ముందు నెల్లూరు కాలేజీలో ఉన్నన్నాళ్ళూ చర్చాపోటీల్లో ఆరితేరాను. మా ఇంగ్లీషు మాస్టారు ఒక ప్రతిపాదన ఇచ్చి పొద్దున దాన్ని బలపరచమనేవారు, మధ్యాహ్నం అదే నోటితో ఖండించమనేవారు. రెండు పక్షాలూ చూడలేనివాడికి ఒక పక్షాన నిలబడే హక్కు లేదని ఆయన అభిప్రాయం. ఆ శిక్షణ వల్ల ఏ ఆచారం కనబడినా దానికి ఆధారమేమిటని అడగకుండా ఉండలేకపోయేవాణ్ణి. హాస్టల్లో తోటివాళ్ళు నన్ను ప్లీడరు గారూ అని పిలిచేవారు. ఆ పిలుపులో మెచ్చుకోలు కన్నా విసుగే ఎక్కువని నాకు తెలుసు.

మా శాఖకు ఉన్న సహాయకుడి పదవి ఒక్కటే. అది అప్పుడు బిట్రగుంట రైల్వే కాలనీ నుంచి వచ్చిన ఒక యువకుడికి ఉండేది. నాకన్నా మూడు నాలుగేళ్ళు పెద్దవాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఇక్కడా అలాగే రాస్తాను. అన్న తండ్రి ఇంజను డ్రైవరు. ప్రొటెస్టెంటు క్రైస్తవ కుటుంబం. అన్న సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటే సన్నగా, పెదవులు కదలకుండా, కీర్తనలు పాడుకొనేవాడు. ఏ కీర్తన పాడుతున్నాడో బట్టి పని ఎలా సాగుతున్నదో మాకు తెలిసిపోయేది.

అన్న పరిశోధన కృష్ణపట్నం ఉప్పుటేటిలోని రొయ్య పిల్లల మీద. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి ఆనీ ఆనని పిల్లలు పోటుతో పాటు ఉప్పుటేటిలోకి వచ్చి, అక్కడ పెరిగి, మళ్ళీ సముద్రానికి పోతాయి. ఎండాకాలంలో పైనుంచి మంచినీళ్ళు రావు, ఇసుక మేట వేసి, ఏరు సముద్రంలో కలిసే మొగ సన్నబడుతుంది, ఏటి నీరు సముద్రం కన్నా ఉప్పగా మారుతుంది. అప్పుడు ఆ పిల్లలు లోపలికి వస్తాయా రావా అన్నది ప్రశ్న. రావని అందరూ అనుకొనేవారు. చూసి చెప్పినవారు లేరు. అది తేల్చడానికి ఒక ఏడాది పొడవునా, ప్రతి అమావాస్యకూ ప్రతి పున్నమికీ, పోటు వేళ సన్నని పట్టు వల లాగి, పడిన పిల్లల్ని ఫార్మలిన్ కలిపిన నీళ్ళ సీసాల్లో భద్రపరచి, ఏ జాతివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. అన్న జూన్ నెలలో మొదలుపెట్టాడు. మే నెల పూర్తయితే ఏడాది పూర్తయినట్టు.

ఆ డిసెంబరులో అన్నతో పాటు నేనూ ఒకసారి వెళ్ళాను. రైల్లో నెల్లూరు దాకా, అక్కడినుంచి దుమ్ము రోడ్డు మీద బస్సులో. ఉప్పుటేటి ఒడ్డున ఒక బెస్త కుటుంబం గుడిసె ముందు అన్న తన సామాను దించుకొనేవాడు. ఆ ఇంట్లో ఒక ముసలమ్మ, ఆమె కొడుకు, కోడలు, నాలుగు నెలల పసిపిల్ల ఉండేవారు. కొడుకు పడవ నడిపేవాడు, అన్న వల లాగేవాడు, ముసలమ్మ ఒడ్డున కూర్చొని ఎగతాళి చేసేది.

“పట్టు వలేసి ఈ దోమల్ని పట్టకపోతా ఉండావే నాయనా, మీ యూనివర్సిటీలో చేపలు కరువైనాయా?”

“ఈ దోమలే రేపు నీ కొడుకు వల్లో రొయ్యలయ్యేది అవ్వా.”

“రేపటి రొయ్యల్ని నువ్వీరోజే ఎత్తకపోతే నా కొడుకు వలేసేది దేనికి?”

అన్న గట్టిగా నవ్వి నావైపు తిరిగాడు. “ప్లీడరు గారూ, దీనికి జవాబు చెప్పండి చూద్దాం.”

ముసలమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసి, “ఈయన మాట్లాడతాడా?” అని అడిగింది. తిరుగు ప్రయాణంలో బస్సు దిగేదాకా అన్న ఆ మాట చెప్పి చెప్పి నవ్వాడు. తన పనిలో ఉన్నప్పుడు ఆయనంత సంతోషంగా ఉన్న మనిషిని నేను ఆ శాఖలో మరొకరిని చూడలేదు.

సంక్రాంతి సెలవులు గడిచాక అన్న తండ్రి కళ్ళ పరీక్షలో తప్పారు. డ్రైవర్లకు కొన్నేళ్ళకొకసారి ఆ పరీక్ష ఉంటుంది. దూరంగా ఉన్న ఎరుపునూ ఆకుపచ్చనూ ఆయన సరిగా పోల్చుకోలేకపోయారట. ఇంజను మీదికి ఎక్కనివ్వలేదు. తేలిక పని ఇస్తామని కొన్నాళ్ళు కూర్చోబెట్టి, చివరికి విరమణ ఇచ్చి పంపారు. కాలనీలోని క్వార్టరు వానాకాలం వెళ్ళేలోగా ఖాళీ చేయాలి. ఇంటి కొడుకు రైల్వేలో ఉద్యోగస్తుడైతే మాత్రం ఆ క్వార్టరు అతని పేరిట ఉంచుకోవచ్చు.

అన్న ముందు ఇప్పుడు ఒక లెక్క నిలిచింది. ఏప్రిల్, మే నెలల పని పూర్తయితే ఆ ఏడాదిలోనే సిద్ధాంత గ్రంథం రాసి ఇవ్వవచ్చు. ఇచ్చిన వెంటనే డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం ఇప్పిస్తానని మా ఆచార్యులవారు మాట ఇచ్చారు. ఆ ఉద్యోగం వస్తే ఎక్కడో ఒక అద్దె ఇల్లు చూసి తల్లిదండ్రుల్ని తెచ్చుకోవచ్చు. అయితే ఆ రెండు నెలలే జీతం రాని నెలలు. క్రితం ఏడు తండ్రి జీతం మీద గడిచిపోయింది. ఈసారి ఆ ఆధారం లేదు.

“మా గుడిలో ఉపవాసాల శ్రమకాలం ఈస్టరుతో అయిపోతాది తమ్ముడూ,” అన్నాడు అన్న ఒకనాడు సీసాలు కడుగుతూ. “మన డిపార్టుమెంటులో అప్పుడే మొదలవతాది.”

ఆ మాట నవ్వించడానికే అన్నాడు. నాకు మాత్రం అది మనసులో నాటుకొంది.

ఫిబ్రవరిలో మా శాఖ విద్యార్థి సంఘం వార్షిక చర్చ పెట్టింది. విషయం నేనే సూచించాను: జీతం లేని నెలల్లో పరిశోధకుడు పనిచేయడం మర్యాద కాదు, దోపిడీ. ఆచార్యులవారు దోపిడీ అన్న మాట తీయించి అన్యాయం అని పెట్టించారు. నేను బలపరిచే పక్షంలో మొదటివాణ్ణి. ఏప్రిల్లో వేసిన ఆకలికి జూలైలో పెట్టిన అన్నం సమాధానమా అని అడిగాను. ఈ మర్యాదను పాటించగలిగినవాడి ఇంట్లో వడ్లుంటాయని, వడ్లు లేనివాడు దీన్ని పాటించాలంటే ఇంటివారిని పస్తు పెట్టాలని, అందరికీ సమానంగా కనబడే ఈ ఆచారం నిజానికి ఎవరు పరిశోధన చేయాలో ఎవరు చేయరాదో ముందే నిర్ణయిస్తున్నదని చెప్పాను. మాకు విడవలూరు దగ్గర కొద్దిపాటి మాగాణి ఉంది, నేనైతే ఆ రెండు నెలలు ఏ చింతా లేకుండా గడపగలను, నాకు చేతనైనది నాకన్నా సమర్థుడికి చేతకాకపోతే లోపం అతనిలో ఉన్నదా, ఏర్పాటులో ఉన్నదా అని ముగించాను. అన్న పేరు ఎత్తలేదు. ఎత్తనవసరం లేకపోయింది.

చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆచార్యులవారు కూడా కొట్టారు. నాకు మొదటి బహుమతిగా ఒక ఫౌంటెన్ పెన్ను ఇచ్చారు.

మర్నాడు ఆయన గదికి వెళ్ళాను. “నేను పోటీకోసం మాట్లాడలేదండీ,” అన్నాను.

“నాకు తెలుసు. కూర్చో.” ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకొన్నారు. “నువ్వు చెప్పినదాంట్లో కాదనదగ్గ మాట ఒక్కటీ లేదు. నా చదువు రోజుల్లో ఈ ఉత్తర్వు కూడా లేదు. ఆ సంగతి నీకు జవాబు కాదని కూడా తెలుసు.”

“అయితే కార్యాలయానికి రాయవచ్చు కదండీ.”

“ఏటా రాస్తున్నాను. ఏటా నా వాదం బాగుందనే జవాబు వస్తుంది.”

ఆయన చెడ్డవారు కాదు. ఆ మాట ఇక్కడ రాయడం అవసరం. ఆనాడు ఆ గదిలోనుంచి బయటికి వస్తూ నాకు మొదటిసారి ఒక భయం కలిగింది. వాదంలో ఓడిపోతే మళ్ళీ సిద్ధం కావచ్చు. ఎదుటివారు ఒప్పుకొన్న తరవాత కూడా ఏమీ మారకపోతే ఆ తరవాత చెప్పవలసిందేమిటో నాకెవరూ నేర్పలేదు.

మార్చి ఆఖరున అన్న ఇంటికి వెళ్ళిపోయాడు. బిట్రగుంట లోకో షెడ్డులో హాజరు గుమాస్తా పని తాత్కాలికంగా ఖాళీ అయితే, తండ్రి మీది గౌరవంతో షెడ్డువారు అన్నను తీసుకొన్నారు. ఆ నెలల్లో విశ్వవిద్యాలయంలో పదవే లేదు కనుక మరోచోట జీతం తీసుకోవడం తప్పు కాదని ఆచార్యులవారే చెప్పి పంపారు. షిఫ్టుల పని కావడంతో పోటు వేళకు ఉప్పుటేటికి పోవడం కుదరదు. నాకు ఏప్రిల్ అంతా పరీక్షలు, ఆ వెంటనే ప్రాక్టికల్సు. అందుచేత అన్న వెళ్ళేముందు కృష్ణపట్నం పోయి, ముసలమ్మ కొడుకును కూర్చోబెట్టి, వల ఎంతసేపు లాగాలో, ఎక్కడ లాగాలో చూపి, తన ఎదుట లాగించి చూసుకొని, సీసాలూ మందు నీళ్ళూ గుడిసెలో పెట్టి వచ్చాడు. పది నెలలుగా పక్కనుండి చూసినవాడు కావడం వల్ల అతనికి పని ఇట్టే పట్టుబడిందని నాతో తృప్తిగా చెప్పాడు. మందు విషమని, పసిపిల్లకు అందకుండా ఉంచమని ముసలమ్మకు మరీ మరీ చెప్పాడట.

జూన్ మొదట్లో మేమిద్దరం ఆ రెండు నెలల సీసాలు తేవడానికి వెళ్ళాం. అన్నకు షెడ్డులో రెండు రోజుల సెలవు దొరికింది. నేను పరీక్షలు ముగించి ఇంటి దగ్గర ఉన్నాను. నెల్లూరు బస్టాండులో కలుసుకొన్నాం. అన్న కొంచెం నల్లబడ్డాడు, గోళ్ళ సందుల్లో నూనె మరకలు ఉన్నాయి. బస్సులో నిలబడే కీర్తన పాడుకొన్నాడు.

గుడిసె ముందు ముసలమ్మ మమ్మల్ని చూసి లేచి వచ్చింది. లోపలికి పోయి, ఉట్టి మీదినుంచి ఒక బుట్ట దించి తెచ్చి అన్న చేతిలో పెట్టింది. బుట్టలో చిన్న చిన్న గుడ్డ మూటలు ఉన్నాయి. అమావాస్యవాటికి నల్ల దారం, పున్నమివాటికి తెల్ల దారం కట్టి ఉంది.

“సీసాలు ఏవి అవ్వా?” అన్నాడు అన్న.

“కడిగి బోర్లించినాను. పసిది పాకతా పోయి ఒక సీసా పట్టుకునింది నాయనా. నా పానం పోయింది. నువ్వే గదా విసమంటివి. ఆ మందంతా ఎత్తి ఇసకలో పారబోసినాను.”

“మరి పట్టినవి?”

“అవి యాడికి పోతాయి? ఉప్పేసి ఎండబెట్టినాను. తరవాతవి కూడా అట్టనే. సన్న గుడ్డలో వడగట్టి, ఒక్కటి కింద పడకుండా. ఒకదాంతో ఒకటి కలవనీలేదు. ఏడాదైనా చెడిపోవు. మీ పంతులు ఎప్పుడు చూస్తానంటే అప్పుడు చూడొచ్చు.”

కొడుకు దూరంగా వల బాగుచేసుకొంటూ తల ఎత్తకుండా అన్నాడు. “యూనివర్సిటీ వాళ్ళ మందు వేరు, వాళ్ళ లెక్క వేరు అని చెప్పినాను. ఇంటాదా?”

“నువ్వుండ్రా. ఉప్పుకు మించిన మందేముండాది?”

ఆ ఊళ్ళో పట్టినది చెడిపోకుండా దాచడమంటే ఉప్పు వేయడమే. ఉప్పుమళ్ళు ఆ పక్కనే తెల్లగా కనబడుతున్నాయి. ఆమె తనకు తెలిసినంతలో అన్నిటికన్నా శ్రద్ధగా ఆ పని చేసింది. రొయ్య పిల్లల జాతిని పోల్చేది ముక్కు మీదా తోక చివరా ఉండే ముళ్ళను బట్టి. వాటిని సూక్ష్మదర్శినిలో పెట్టి చూడాలి. ఉప్పులో ఎండిన ఆ లేత శరీరాల్లో ఏది మిగులుతుందో మాకిద్దరికీ తెలుసు.

నేను నోరు తెరిచాను. అన్న నా మోచెయ్యి పట్టుకొన్నాడు. ఒక మూట విప్పి, వాసన చూసి, మళ్ళీ అదే దారంతో జాగ్రత్తగా కట్టాడు.

“మంచి పని చేసినావవ్వా,” అన్నాడు. “బిడ్డకేం కాలేదు గదా?”

“ఏం కాలేదు. అదిగో, మన్ను తింటా ఉండాది చూడు.”

పిల్లను కాసేపు ఎత్తుకొని, చల్ల తాగి, బుట్ట తీసుకొని బయలుదేరాం. బస్సులో నేను ఆ మాట ఎత్తాను.

“ఆమెకు చెప్పి ఉండాల్సింది అన్నా. నిజం చెప్పకపోవడం కూడా...”

“ఏమని చెప్పేది? బిడ్డని కాపాడుకున్నందుకు నా పని చెడిందనా?”

“చెడింది కదా.”

“చెడింది. ఆ సంగతి నాకు తెలిస్తే చాలు. ఆమేమన్నా థీసిస్ రాస్తా ఉందా?”

మర్నాడు ప్రయోగశాలలో ఆ మూటల్లో ఒకదాన్ని మంచినీళ్ళలో నానబెట్టి చూశాం. నీరు గోధుమరంగుకు తిరిగింది. విరిగిన కాళ్ళు, ఊడిన కళ్ళు, ఏ శరీరానిదో తెలియని తోకలు తేలాయి. అన్న సూక్ష్మదర్శిని కిందినుంచి ఒక్కొక్క గాజు పలక తీసి ఇంకొకటి పెట్టి, మధ్యాహ్నమంతా చూశాడు. ఆ రోజు పాట లేదు. చివరికి దీపం ఆర్పి, “రొయ్యలని మాత్రం చెప్పొచ్చు,” అన్నాడు.

ఆచార్యులవారికి అంతా చెప్పాం. ఆయన పది నెలల లెక్కలతో గీసిన గీతపటం ముందు పెట్టుకొని, ఖాళీగా ఉన్న చివరి భాగం మీద వేలుంచి ఆలోచించారు.

“మార్చిలోనే దిగుతున్నది కదా,” అన్నారు. “జూన్‌లో ఎక్కడ మొదలైందో తెలుసు. ఈ రెండింటి మధ్య చుక్కల గీత వేయి. కింద ఒక వాక్యం రాయి, ఈ నెలలవి అంచనాలని. మోసమేమీ కాదు. పరీక్షకులు ఒప్పుకొంటారు. ఈ ఏడే ఇచ్చేయవచ్చు.”

ఆ చుక్కల గీత మీద అన్న ఉద్యోగం, అమ్మానాన్నల అద్దె ఇల్లు ఆధారపడి ఉన్నాయి. ఆ గదిలో ఉన్న ముగ్గురికీ అది తెలుసు.

“గీత అట్లాగే పోతుందని నాకు తెలియదండీ,” అన్నాడు అన్న.

“అందరూ అనుకొనేది అదే కదా.”

“అందరూ అనుకునేది సరిపోతే నేను ఏడాదంతా వల లాగేది ఎందుకండీ? ఎండాకాలంలో ఏమవుతుందన్నదే నా ప్రశ్న. అక్కడ చుక్కలు పెట్టినాక మిగిలిందేముంది?”

“వచ్చే ఏప్రిల్ దాకా ఆగగలవా?”

“ఆగలేనండీ.”

బయటికి వచ్చాక వరండాలో నేను అన్నతో వాదించాను. ఆచార్యులవారి పక్షాన వాదించాను. అంచనాను అంచనా అని చెప్పినంతవరకు అసత్యం లేదని, పరిశోధన అంతా కొంత తెలిసినదాని నుంచి తెలియనిదానికి పోవడమేనని, ఒక చోట ఆగిన గీతకోసం ఒక జీవితాన్ని ఆపుకోవడం నీతి కాదని చెప్పాను. నా జీవితంలో అంత మనస్ఫూర్తిగా ఏ ప్రతిపాదననూ బలపరచలేదు. అన్న మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నాడు.

“బాగా చెప్పినావు తమ్ముడూ,” అన్నాడు. “నువ్వయితే వేస్తావా ఆ చుక్కలు?”

నేను వేయనని నాకు తెలుసు. వేస్తానని చెప్పగలిగి ఉంటే ఆయన ఒప్పుకొనేవాడేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

జూలై ఆఖరున ఉత్తర్వు వచ్చింది, ఆగిన జీతంతో సహా. అప్పటికి షెడ్డులో అన్న పని ఖాయమైంది, క్వార్టరు ఆయన పేరిటికి మారింది. పదవికి రాజీనామా రాసి, పది నెలల సీసాలు నాకు అప్పగించడానికి ఒక్కరోజు వచ్చాడు. నెలాఖరులోగా మరొకరిని వేయకపోతే ఆ పదవి శాఖకు లేకుండా పోతుందని ఆచార్యులవారు నన్ను పిలిచి చెప్పారు. పరీక్షలో నేను మొదటివాడిగా వచ్చాను. ఇంటి దగ్గర వడ్లు ఉన్నాయి. తీసుకోవడానికి నాకు అన్ని అర్హతలూ ఉన్నాయి. ఆ అర్హతల్లో ఏది దేనిమీద ఆధారపడి ఉందో ఫిబ్రవరిలో సభ ముందు నేనే వివరించి ఉన్నాను.

తీసుకోనని అన్నకు చెప్పాను.

“తీసుకోకపోతే ఏమవతాది?” అన్నాడు.

“ఒక నిరసన అవుతుంది.”

“ఎవరికి తెలుస్తాది? ఆఫీసోళ్ళకి ఒక జీతం మిగులుతాది, అంతే. సీసాలు మాత్రం దుమ్ము పట్టిపోతాయి.” అంటూ సీసాల మూతల మీద మైనం సరిగా ఉన్నదో లేదో వేలితో తడిమి చూసుకొంటూ పోయాడు. ఒక్కొక్కదానికీ ఆనాటి గాలి, పోటు, నీటి తీరు నోటితోనే చెప్పాడు. సాయంత్రం రైలుకు వెళ్ళేటప్పుడు నేను ఆయనకు బిట్రగుంట టిక్కెట్టు కొనబోతే, రైల్వే ఉద్యోగస్తుడికి పాసు ఉంటుందని జేబులోంచి తీసి చూపించాడు. అందులో గర్వం ఉన్నదో లేదో నేను చెప్పలేను.

నేను పదవి తీసుకొన్నాను.

వచ్చిన ఎండాకాలం, మళ్ళీ జీతం ఆగిన ఆ నెలల్లో, నేను ఇంటినుంచి తెచ్చుకొన్న బియ్యంతో కృష్ణపట్నంలో బస చేసి, ఏప్రిల్, మే నెలల రొయ్య పిల్లల్ని పట్టాను. ప్రతి పోటుకూ వల లాగాను. మందు సీసాలు నా బసలోనే తాళం వేసి ఉంచుకొన్నాను. ఏప్రిల్లో పిల్లలు తగ్గాయి, ఆచార్యులవారు అనుకొన్నట్టే. మే నెలలో పెరిగాయి. అందులోనూ ఒకే ఒక జాతి, మిగిలిన నెలల్లో అరుదుగా కనబడేది, మొగ అంత సన్నబడిన రోజుల్లో, నీరు అంత ఉప్పగా ఉన్నప్పుడు, వల నిండా వచ్చింది. మొదట నా లెక్క తప్పనుకొన్నాను. ప్రతి సీసా మళ్ళీ మొదటినుంచి చూశాను. గీత దిగి, ఆగి, నిటారుగా పైకి లేచింది.

ఆ సంగతి అన్నకు ఉత్తరంలో రాయబుద్ధి కాలేదు. జూన్ చివర బిట్రగుంట వెళ్ళాను. ముందు క్వార్టరుకు పోయాను. అన్న తండ్రి గుమ్మంలో కుర్చీ వేసుకొని, పట్టాల వైపు ముఖం పెట్టి కూర్చొని ఉన్నారు. పోయే రైలు శబ్దాన్ని బట్టి ఏ ఇంజనో చెప్పి, సరేనా అని భార్యను అడుగుతున్నారు. ఆమె చూడకుండానే సరే అంటున్నది. అన్న షెడ్డులో ఉన్నాడన్నారు.

హాజరు గది చీకటిగా, మసి వాసనతో ఉంది. డ్యూటీకి వచ్చే డ్రైవర్ల, ఇంజన్ల వివరాలు రాసే ఒక నల్లబల్ల గోడకు వేలాడుతున్నది. అన్న నన్ను చూసి లేచి స్టూలు తుడిచి వేశాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఏప్రిల్ దాకా నిలబడే విన్నాడు. మే దగ్గరికి వచ్చేసరికి కూర్చొన్నాడు.

“ఏ జాతి?”

చెప్పాను.

“ముక్కు మీద ముళ్ళు చూసినావా? పైవరసవి?”

“చూశాను. రెండుసార్లు.”

“అమావాస్యకా, పున్నమికా?”

“రెంటికీ. అమావాస్యకు మరీ ఎక్కువ.”

అన్న సుద్దముక్క తీసుకొని నల్లబల్ల మీద ఖాళీ చోట గీత గీశాడు. జూన్ నుంచి మార్చి దాకా తన పది నెలలు, ఒక్క చోట కూడా ఆగకుండా, నేను తెచ్చిన కాగితం వైపు చూడకుండా గీశాడు. అక్కడ చెయ్యి ఆపి నావైపు చూశాడు. నేను చెబుతుంటే మిగిలిన రెండు నెలలు కలిపాడు. గీత చివర పైకి లేచిన చోటును చాలాసేపు చూశాడు. గొంతులో ఏదో మొదలైనట్టే ఉండి, పాట కాలేదు.

“పది నెలలు నీవని రాస్తాను అన్నా,” అన్నాను. “ఆచార్యులవారు కాదన్నా రాస్తాను.”

“రాయి,” అన్నాడు, గీత మీదినుంచి చూపు తిప్పకుండా.

అంతలో ఒక డ్రైవరు టిఫిను క్యారియరు పట్టుకొని హాజరు వేయించుకోవడానికి లోపలికి వచ్చాడు. బల్ల వైపు తల వంచి చూశాడు.

“ఏంది గుమాస్తా, కొత్త లైను గీస్తా ఉండావు? ఈ గుట్ట యాడుండాది మన సెక్షన్లో?”

“మన సెక్షన్లో లేదులే మామా,” అన్నాడు అన్న. “నీ ఇంజను నంబరు చెప్పు.”

డ్రైవరు చెప్పాడు. రాయడానికి బల్ల మీద మరెక్కడా చోటు లేదు. అన్న చేత్తో గీతను చివరినుంచి మొదటిదాకా తుడిచి, అక్కడ నంబరు రాశాడు.